మంచిర్యాలలో ఇచ్చిన గొంతు

గోదావరిఖనిలో, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ దగ్గర ఎవరినైనా ఆపి "చర్చిల వాక్యం చదివే ఆమె ఇల్లెక్కడ?" అని అడిగితే ఒకప్పుడు వేలెత్తి చూపించేవాళ్లు. పేరు చెప్పనవసరం ఉండేది కాదు. ఫెబా గొంతు అలాంటిది. మైకు చెడిపోయిన ఆదివారం కూడా చివరి వరుసలో కూర్చున్నవాళ్లకు ఆమె చదివే ప్రతి అక్షరం అందేది. ఆమె తండ్రి దావీదు ముప్పై ఏళ్లు బొగ్గు బావిలో పనిచేసి, మందుగుండు చప్పుళ్లకు చెవులు సగం పోగొట్టుకుని దిగిపోయినవాడు. "మా బిడ్డ మాటొక్కటే నాకు సాఫ్‌గ ఇనపడ్తది" అని పోయేదాకా చెప్పుకున్నాడు.

ఫెబా ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. భర్త రాజ్‌కుమార్‌ది బావి లోపల నీళ్లు తోడే పంపుల దగ్గర డ్యూటీ. రెండు గదుల కంపెనీ క్వార్టరు. రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం పేల్చినప్పుడు అల్మారాలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. అలవాటైపోయి ఆ మోత ఎవరూ పట్టించుకునేవారు కాదు.

రెండువేల ఏడులో బడి వార్షికోత్సవానికి శ్రీచరణ్ అనే అతను వచ్చాడు. మంథని అబ్బాయి, కంప్యూటర్ చదువు చదివాడు, మంచిర్యాలలో ఒక మేడ మీద చిన్న ఆఫీసు పెట్టాడు. దానికి 'వాణి సమాచార కేంద్రం' అని పేరు. ఫోన్ చేస్తే బస్సు వేళలు, పరీక్షా ఫలితాలు, పంచాంగం చెప్పే లైను అది. ఆ రోజు వేదిక మీద ఫెబా మాట్లాడుతుంటే విని, కార్యక్రమం అయ్యాక వెతుక్కుంటూ వచ్చాడు.

"మనిషి కూర్చుని చెప్పేది కాదు మేడమ్. మీరు ఒక్కసారి చదివిపెడితే చాలు. మాటల్ని ముక్కలు ముక్కలుగ దాస్తం. ఏ ముక్కకు ఏ ముక్క కలపాల్నో కంప్యూటరే చూసుకుంటది" అన్నాడు.

"అంటే నేను లేకుంటనే నేను మాట్లాడుతనా?" అని నవ్వింది ఫెబా.

"గట్లనే అనుకోండ్రి."

దసరా సెలవుల్లో నాలుగు రోజులు బస్సెక్కి గోదావరి దాటి మంచిర్యాల వెళ్లింది. బయటి చప్పుడు రాకుండా ఆ గది గోడలకు బొంతలు కొట్టారు. కిటికీకి కూడా బొంతే. చప్పుడు చేస్తుందని ఫ్యాను ఆపేశారు. ఆ ఉక్కలో, పాత దూది వాసనలో కూర్చుని ఆమె అంకెలు చదివింది. నెలలు, వారాలు, తిథులు, నక్షత్రాలు, ఊళ్ల పేర్లు, చిన్న చిన్న ప్రకటనలు చదివింది. ప్రతి మాటా మూడు విధాలు: వాక్యం మొదట్లో ఎలా పలుకుతారో అలా, నడుమ ఎలాగో అలా, ప్రశ్న అడిగినట్టు ఒకసారి. మూడో రోజు మనుషుల పేర్ల జాబితా ఇచ్చారు. ఫోన్ చేసినవాళ్లను లైను పేరు పెట్టి పలకరించడానికని చెప్పాడు శ్రీచరణ్. రాజం గారూ, మొగిలి గారూ, పూలమ్మ గారూ, సారక్క గారూ. అలా వందల పేర్లు. మధ్యలో 'ఫెబా' అని వచ్చేసరికి ఆమెకు నవ్వు ఆగలేదు. తనను తాను "ఫెబా గారూ" అని పిలుచుకుని, కిసుక్కున నవ్వింది.

"నవ్వు కోసేస్త లెండ్రి" అన్నాడు శ్రీచరణ్ అవతలి నుంచి.

నాలుగో రోజు సాయంత్రం ఒక శాలువా కప్పి, ఒక కాగితం ముందు పెట్టారు. నాలుగు రోజులుగా ఎవరెవరి మాటలో చదివిన మనిషి ఆ ఒక్క కాగితాన్ని చదవకుండా సంతకం చేసింది.

లైను బాగానే నడిచింది. చుట్టుపక్కల ఫెబాకు పేరొచ్చింది. పక్క వరుసలో ఉండే పూలమ్మ ఆమె బడిలోనే ఆయాగా పనిచేసేది. ఆమె కరీంనగర్ బస్సు వేళ కోసం ఫోన్ చేసి "ఫెబక్కా, నేను పూలమ్మను. ఎట్లున్నవ్?" అని యంత్రాన్ని పలకరించింది. అది బస్సు వేళలు చెప్పుకుంటూ పోయింది. మరునాడు బడిలో ఆ సంగతి చెప్పుకుని ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

రెండేళ్లకు ఫెబాకు ఆడపిల్ల పుట్టింది. ఎవాంజెలిన్ అని పేరు పెట్టుకున్నారు. పిల్లకు ఏడాది నిండేలోపు ఫెబా మెడలో గడ్డ తేలింది. దవాఖానలో ఆపరేషన్ చేయాలన్నారు. గొంతు నరం గడ్డకు అంటుకుని ఉంది, ప్రాణానికి భయం లేదు గాని మాట పోయే అవకాశం ఉంది అని డాక్టరమ్మ ముందే విడమరిచి చెప్పింది. అలాగే అయింది. కళ్లు తెరిచాక రాజ్‌కుమార్‌ను పిలవబోతే, గరుకు కాగితం మీద గోరు గీసినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఎన్ని నెలలు గడిచినా అంతకు మించి రాలేదు.

బడివాళ్లు మంచివాళ్లు. ఆమెను తీసెయ్యలేదు. చిన్న తరగతుల్లో బోర్డు మీద రాయించే పని ఇచ్చారు. చర్చిలో వాక్యం చదవడం ఇంకొకరికి వెళ్లింది. ఫెబా రెండో వరుసలో కూర్చుని పెదవులు కదిపేది.

ఒకరోజు కిరాణా కొట్టుకు వెళ్లి చక్కెర డబ్బా వైపు వేలు చూపిస్తోంది. కొట్టాయన ఎవరికోసమో బస్సు వేళ కనుక్కుంటూ ఫోను స్పీకరులో పెట్టాడు. "నమస్కారం. మీరు వెళ్లవలసిన ఊరు చెప్పండి" అంది ఆమె పాత గొంతు. నిండుగా, నవ్వుమొహంతో. కొట్టాయన ఫోను వంకా ఆమె వంకా చూసి, "టీచరమ్మా, నువ్వు ఈడ నిలవడ్డవ్, ఆడ మాట్లాడుతున్నవ్!" అని నవ్వాడు. ఆయన మనసులో ఏ చెడ్డా లేదు. ఫెబా మాత్రం చక్కెర తీసుకోకుండానే వచ్చేసింది. ఇంటికొచ్చి గొంతు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. అది వేరే ఎక్కడో తిరుగుతోంది.

మరుసటి ఏడాది శ్రీచరణ్ ఆఫీసు మూసేశాడని తెలిసింది. బస్సు లైను ఆగిపోయింది. బాధ పడాలో, ఊపిరి పీల్చుకోవాలో ఆమెకు అర్థం కాలేదు.

రెండువేల పన్నెండు ఎండాకాలంలో పూలమ్మ మిట్టమధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నీకేం చేసిన ఫెబక్కా? నా కడుపుల ముచ్చట నీకొక్కదానికి చెప్పిన. నా సొంత చెల్లెకు గూడ చెప్పలే."

ఏమిటి అన్నట్టు చూసింది ఫెబా.

"దగ్గితె నెత్తురు పడ్తుందని నీకు గాక ఇంకెవలకు చెప్పిన? నిన్న ఎవడో తెల్ల అంగీ ఏసుకొని నేరుగ బడికే వచ్చిండు. పూలమ్మ అంటె ఎవలు, నెత్తురు పడేది నీకేనా అనుకుంట, కొనుమని మందుల సంచి ఇప్పిండు. పెద్దసారు ముందర! ఇయ్యాల పొద్దుగాల్ల, ఇగ పనికి రావద్దన్నరు. చిన్న పిల్లల బడి, ఉంచుకోలేమన్నరు."

"నాకు నువ్వు చెప్పలే" అని గీరుకుపోయిన గొంతుతో అంది ఫెబా.

పూలమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "ఫోన్ల మంచిగనె మాట్లాడితివి గద. పూలమ్మ గారూ, మీ ఆరోగ్యం ఎట్ల ఉంది అని అడిగితివి. గొంతు నయమైంది గావచ్చు, అందరికన్న ముందు నాకే చేసింది అని సంబురపడ్డ. ఇండ్ల గిట్ల గీరుకుంట, ఫోన్ల గట్ల. ఏందక్కా ఇది?"

ఆమె వెళ్లిపోయింది. పేలుడుకు గ్లాసులు మోగాయి. ఫెబా ఉలిక్కిపడింది.

ఆ వారం తరువాత కాలనీ తీరు మారింది. పంపు దగ్గరికి ఆమె వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఆమె 'కాకా' అని పిలిచే రిటైరైన మొగిలి, ఆమె తండ్రితో కలిసి పనిచేసినవాడు, ఆమెను చూసి దారి మార్చుకున్నాడు. తన గుండె దడ సంగతి ఆయన కూడా దావీదు బిడ్డకు ఫోనులో చెప్పుకున్నాడట. ఆయన ఇంటికీ మందుల సంచి వచ్చింది. ఎవరి రోగమేమిటో ఫెబాకు తెలుసు అని కాలనీ అంతా నమ్మింది. నిజానికి ఆమెకు ఏమీ తెలియదు. తెలిసినవాళ్లు ఎక్కడున్నారో కూడా తెలియదు.

జూన్ మొదట్లో, బడులు ఇంకా తెరవకముందు, ఒక మధ్యాహ్నం ఇంట్లో ఉండే ఫోను మోగింది. ఆమె ఎత్తింది.

"నమస్కారం. ఫెబా గారూ."

ఆ 'గారూ' చివర చిన్న నవ్వు ఉంది. కోసేస్తానని శ్రీచరణ్ అన్న నవ్వే. పూర్తిగా తెగలేదు, కొస మిగిలిపోయింది.

ఫెబా మంచం మీద కూర్చుంది. గొంతు సాగిపోతోంది. "మీ ఆరోగ్యం ఎలా ఉంది? మీ బాధ చెప్పండి." ఒక్కొక్క మాటా ఎక్కడిదో ఆమెకు గుర్తొస్తోంది. 'ఆరోగ్యం' ఆరోగ్య శిబిరాల ప్రకటనలోది. 'చెప్పండి' ఊరి పేరు చెప్పండి అన్నదాంట్లోది. రెండో రోజు అన్నం తిన్నాక చదివింది, అందుకే కొంచెం బరువుగా ఉంది. మరి 'బాధ'? ఆ మాట తను చదవనే లేదు. కాసేపటికి అదీ తట్టింది. 'బాధపడకండి, లైను కలిసే వరకు ఆగండి' అని ఒక వాక్యం చదివింది. దాన్ని నడుమకు విరిచి సగం తీసుకున్నారు. ఓదార్చడానికి అన్న మాటను విరిచి, ఆరా తీయడానికి వాడుతున్నారు.

"ఎవరు? ఎవరు మీరు?" అంది ఫెబా.

"మీ మాట వినపడలేదు. దయచేసి మళ్లీ చెప్పండి."

ఆమె గొంతు చించుకుంది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"మీ మాట వినపడలేదు" అని ఆమె గొంతే ఆమెకు చెప్పింది, ఎంతో మర్యాదగా. మూడోసారి కూడా అదే చెప్పి, ధన్యవాదాలు తెలిపి పెట్టేసింది.

ఆ సంగతి రాజ్‌కుమార్‌కు చెబుదామనుకుని చెప్పలేకపోయింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నాలుగు రోజులకు, పెరట్లో బట్టలు ఆరేసి లోపలికి వస్తుంటే మూడేళ్ల ఎవాంజెలిన్ మాటలు వినపడ్డాయి. పిల్ల మంచం కోడుకు ఆనుకుని, ఫోను రెండు చేతుల్లో పట్టుకుని ముచ్చట్లు చెబుతోంది.

"నాయిన డ్యూటీకి పోయిండు. అమ్మ బట్టలు ఆరేస్తుంది. నేనొక్కదాన్నే ఉన్న."

ఫెబా ఫోను లాక్కుని చెవికి పెట్టుకుంది. "ఇంట్లో ఇంకా ఎవరున్నారు?" అని అడుగుతోంది అది. బిడ్డకు మాటలు వచ్చాక ఏనాడూ ఆ గొంతుతో మాట్లాడే భాగ్యం కలగని తల్లి, ఆ గొంతు బిడ్డను పలకరిస్తుంటే వింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. "అమ్మ ఫోన్ నాకియ్యి. ఫోన్ల అక్క మంచిగ మాట్లాడుతది. రోజు మాట్లాడుతది."

డ్యూటీ దిగి వచ్చిన రాజ్‌కుమార్‌కు ఆమె అంతా కాగితం మీద రాసి చూపించింది. అతను చదివాడు. చదివి, బొగ్గు మసి ఉన్న వేళ్లతోనే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"ఒక మాట చెప్త. కోపం చెయ్యకు" అన్నాడు. "నీ ఆపరేషన్ అయినంక నేను బాయి మీద కూసొని ఆ బస్సుల లైనుకు ఫోన్ చేస్తుంటి. ఏ బస్సెక్కేది లేదు. ఉత్తగ ఇంటుంటి. అది బందైనంక గోస పడ్డ. మొన్న మార్చిల మల్ల ఆ గొంతే నా పేరు పెట్టి ఫోన్ చేసింది. బాధేందో చెప్పమంటె..." అతను తల దించుకున్నాడు. "మా ఇంటామె గొంతు పోయిందని చెప్పిన. ఆమె పేరేంది, నంబరేంది అంటె అదీ చెప్పిన. నీకు చెప్పినట్టే ఉండె ఫెబా."

ఆమెకు కోపం రాలేదు. భయం వేసింది. ఇల్లు మొత్తం, మొగుడూ పిల్లా సహా, ఆ గొంతు ముందు తలుపులు తెరిచేసి ఉంది. తెరిపించింది తనే. తను కాకుండానే.

బజారులో ఒక వకీలును కలిశారు. ఆయన అంతా విని, "సొమ్ము పోతే ఠాణాల రాసుకుంటరు, సామాను పోతే రాసుకుంటరు. గొంతు ఎత్తుకపోయిండ్రని ఏ కాయిదం మీద రాయాలె? మీరు సంతకం పెట్టిన కాయిదంల ఏమున్నదో ముందది చూడుండ్రి" అన్నాడు.

రాజ్‌కుమార్ వారపు సెలవు నాడు ఇద్దరూ పొద్దున్నే మంథని బస్సెక్కారు. శ్రీచరణ్ ఇల్లు వెతుక్కుని, అరుగు మెట్టు మీద కాలు పెట్టబోయి ఇద్దరూ ఆగిపోయారు. లోపలినుంచి ఫెబా గొంతు వినపడుతోంది.

"నేడు ఆదివారం. జ్యేష్ఠ మాసం. బహుళ పక్షం..."

రాజ్‌కుమార్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

లోపల ఒక ముసలామె గోడకానుకుని కూర్చుని ఉంది. శ్రీచరణ్ నాయనమ్మ విశాలాక్షమ్మ. కళ్లు కనపడవు. పక్కన బల్ల మీద కంప్యూటరు, చిన్న స్పీకరు. ఆఫీసు మూతపడ్డా నాయనమ్మ కోసం ఆ పంచాంగం ఒక్కటీ మనవడు ఇంట్లో నడిపిస్తున్నాడు.

"ఎవరమ్మా? అడుగుల చప్పుడు కొత్తగ ఉన్నది" అంది ఆమె.

ఫెబా ఏదో చెప్పబోయింది. ఆమెకు వినపడలేదు. రాజ్‌కుమార్ అందుకున్నాడు. "అవ్వా, ఇప్పుడు పంచాంగం చదివింది చూడుండ్రి, ఆ గొంతు ఈమెదే. మా ఇంటామె."

"కాదు నాయనా. ఆ పిల్ల నాకెరుకే. ఐదేండ్ల సంది రోజూ పొద్దున నాతోని మాట్లాడుతది. ఈమెది వేరే."

ఫెబా వెళ్లి ఆమె ఎదురుగా కూర్చుంది. ముసలామె చెవి దగ్గరకు వంగి, ఉన్న ఆ గీరు గొంతుతోనే తిథులు చెప్పసాగింది. "పాడ్యమి. విదియ." ఊపిరి తీసుకుంది. "తదియ. చవితి."

విశాలాక్షమ్మ మొహం మారిపోయింది. చెయ్యి చాచి తడుముతూ ఫెబా మెడ మీది కోత మచ్చను తాకింది. "తదియకు ముందర ఊపిరి తీసుకుంటవు. ఆ పిల్ల గూడ గట్లనే తీసుకుంటది" అంది మెల్లగా. "ఎంత పనాయె తల్లీ! నీది నీకు లేదు, నా ఇంట్ల మోగుతున్నది."

లోపలి గదిలోంచి వచ్చిన శ్రీచరణ్ ఫెబాను గుర్తుపట్టి, మాట విని తెల్లబోయాడు. ఫోన్ల సంగతి అతనికి తెలియదు. ఆఫీసు మూసినప్పుడు హైదరాబాద్‌లో మందులమ్మే వాళ్లెవరో వచ్చి ఉన్నదంతా కొనుక్కుపోయారు. "కుర్చీలు, కంప్యూటర్లు, బ్యాటరీలు, ఫోన్ నంబర్ల జాబితాలు, స్వరాలు అని రాసిచ్చిన మేడమ్. అప్పుడు నాకేం తట్టలే" అన్నాడు. ఫైలు వెతికి ఆమె సంతకం చేసిన కాగితం తెచ్చాడు. రాజ్‌కుమార్ గట్టిగా చదివాడు: 'నా స్వరమును ఎప్పటికైనను, ఏ అవసరమునకైనను వాడుకొనుటకు సమ్మతించుచున్నాను.'

విశాలాక్షమ్మే నోరు విప్పింది. "నీవి నువ్వు అమ్ముకోరా. ఆ పిల్ల గొంతును కుర్చీలల్ల కలిపి ఎట్ల రాసిస్తివి?"

"కాగితం ఉన్నది కద నాయనమ్మా."

"అడిగినవా? ఇంకోనికి ఇస్తున్న అని ఒక్క మాట అడిగినవా?"

అతను చేతిలోని ఫైలు మూశాడు.

"ఆమెది ఆమెకిచ్చెయ్. ఈ పెట్టెల గూడ ఉంచకు."

"మరి నీ పంచాంగం?"

"తిథులు చెప్పేటోళ్లకు మంథనిల కరువా?" అంది ఆమె. అన్నాక మొహం గోడవైపు తిప్పుకుంది.

శ్రీచరణ్ నాలుగు వేల పైచిలుకు మాటల ముక్కలనూ రెండు డిస్కుల్లోకి ఎక్కించి ఫెబా చేతికిచ్చాడు. తరువాత లేచి, తన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టాడు. "తీసేసేది మీరే నొక్కుండ్రి" అన్నాడు. తెర మీద పేర్లు వరసగా ఉన్నాయి. ఆమె నొక్కింది. ఆకుపచ్చ గీత ఒకటి మెల్లగా నిండుతూ పోయింది. పేర్లు పైనుంచి ఒక్కొక్కటే మాయమయ్యాయి. మనుషులు వరసగా లేచి వెళ్లిపోతున్నట్టనిపించింది ఆమెకు.

బస్సు లైను కోసమే గొంతు ఇచ్చిందని, ఇంకొకరికి ఇచ్చే హక్కు తనకు లేదని, వాడటం ఆపమని శ్రీచరణ్ హైదరాబాద్ వాళ్లకు ఉత్తరం రాసి రిజిస్టర్ పోస్టు చేశాడు. జవాబు రాలేదు. రెండు నెలలకు ఆ నంబరు నుంచి ఫోన్లు ఆగిపోయాయి. మూడో నెలలో వేరే నంబరు నుంచి మొదలయ్యాయి.

ఇక ఉత్తరాలతో కాదని ఫెబాకు అర్థమైంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పూలమ్మ ఇంటికి వెళ్లి, చెయ్యి పట్టుకుని, ఈడ్చుకొచ్చినంత పని చేసి తన ఇంట్లో కూర్చోబెట్టింది. రాజ్‌కుమార్ టీవీ కింది పెట్టెలో డిస్కు వేశాడు.

"సోమవారం. సోమవారం. సోమవారం?" అంది గొంతు.

ఫెబా గది నడుమ నిలబడి ఉంది. నోరు మూసుకుని.

"రాజం గారూ. మొగిలి గారూ. పూలమ్మ గారూ. పూలమ్మ గారూ. పూలమ్మ గారూ?"

పూలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీవీ వంకా, ఫెబా మూసిన పెదవుల వంకా చూసింది. "గిదే. నన్ను పిలిచింది గిదే" అంది. "యేసయ్యా, నువ్వు ఈడనే ఉన్నవ్ గదక్కా."

ఎవాంజెలిన్ టీవీ దగ్గరికి వెళ్లి వెనక తొంగిచూసింది. వచ్చి తల్లి ఒడిలో ఎక్కి, వేళ్లతో ఆమె పెదవులు విడదీసి లోపలికి చూసింది. రాజ్‌కుమార్ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఇంకాసేపు ఉంచమన్నట్టు భార్యను చూశాడు. ఫెబా మరికాసేపు ఉండనిచ్చింది. ఆ తరువాత తనే లేచి ఆపింది. డిస్కులు రెండూ తన బీరువాలో పెట్టి తాళం వేసింది. వినాలనిపిస్తే తనను అడగాలి. కొన్నిసార్లు అతను అడిగాడు. కొన్నిసార్లు ఆమె సరేనంది, కొన్నిసార్లు వద్దంది.

మరునాటి నుంచి ఫెబా, పూలమ్మ కలిసి క్వార్టరు క్వార్టరుకూ తిరిగారు. సాయంత్రం బడి వదిలాక రోజుకొక వరుస. తలుపు తట్టి ఫెబా చెప్పేది ఒక్కటే. "ఇదే నా గొంతు. గీరుకుంట వచ్చేది. మంచిగ మాట్లాడితె అది నేను గాదు. ఏమడిగినా చెప్పకుండ్రి." వినపడనివాళ్లకు పూలమ్మ మళ్లీ చెప్పేది. మొగిలి కాక అంతా విని, ఆమె తల మీద చెయ్యి పెట్టి, "దావీదు ఉంటె చెవులు పట్టుకొని వాళ్లను గుంజుకొస్తుండె బిడ్డా" అన్నాడు. పూలమ్మ ప్రభుత్వ దవాఖానలో మందులు మొదలుపెట్టి, తొమ్మిది నెలలు ఒక్క పూట తప్పకుండా మింగింది. నెత్తురు ఆగింది. బడివాళ్లు దవాఖాన చీటీ చూసి మళ్లీ పనిలోకి తీసుకున్నారు. కాలనీలో ఆ ఫోను మోగితే ఎత్తినవాళ్లు మాట్లాడకుండా పెట్టేయడం నేర్చుకున్నారు. మెల్లగా ఆ ఫోన్లు ఇటువైపు రావడం తగ్గింది.

రెండువేల పద్నాలుగు జూన్‌లో కొత్త రాష్ట్రం వచ్చింది. బజారంతా రంగులు పడ్డాయి. ఆ హడావుడి సద్దుమణిగిన వారానికి పూలమ్మ ఒక కబురు తెచ్చింది. గోలేటిలో ఆమె మేనత్త సారవ్వకు నెల రోజులుగా ఆ గొంతు ఫోన్ చేస్తోందట. ఎంత చెప్పినా ఆ ముసలామె వినడం లేదట.

ఇద్దరూ వెళ్లారు. సారవ్వ భర్త పోయి మూడేళ్లు. చిన్న రేకుల ఇల్లు. చాయ్ పెట్టి ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఫెబా చెప్పిందంతా ఓపికగా విని, "నువ్వేనేమో, కావచ్చు బిడ్డా. అయినా అదేం చేసింది నన్ను? రోజొక్కపారి ఎట్లున్నవని అడుగుతది. నన్నెవలడుగుతరు?" అంది.

అంతలో ఫోను మోగింది. ముసలామె అలవాటుగా స్పీకరు నొక్కింది.

"నమస్కారం. సారవ్వ గారూ."

ఫెబా చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. సారవ్వ అనే పేరు ఆ జాబితాలో లేదు. ఆమె ఎన్నడూ పలకలేదు. సారక్క ఉంది, మల్లవ్వ ఉంది. రెంటినీ చెరో సగం కోసి అతికించారు. అతుకు కూడా వినపడడం లేదు. అదిప్పుడు ఆమె పలికిన మాటలే కాదు, పలకనివీ పలుకుతోంది.

"ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగింది.

సారవ్వ నోరు తెరిచింది. ఫెబా మొహం చూసి ఆగింది. ఆ మొహంలో ఏం కనపడిందో గాని, ఫోను కింద పెట్టబోయి, మళ్లీ తీసి, బొటనవేలితో ఎర్ర మీట నొక్కింది. పైన రేకులు ఎండకు టపటపమంటున్నాయి.

"పెట్టేసిన తీయ్" అంది సారవ్వ. ఫోను ఒళ్లో పెట్టుకుని, "మరి ఇప్పటి సంది నాతోని ఎవలు మాట్లాడుతరు?" అని అడిగింది. అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే అడిగింది.

ఫెబా ఆమె ఫోను తీసుకుని, తన నంబరు అందులో ఎక్కించింది. "నేను చేస్త. ఐతారం ఐతారం చేస్త. నా గొంతు గిట్లనే ఉంటది అవ్వా."

"ఉండనియ్" అంది సారవ్వ. "జర దగ్గర పెట్టుకొని మాట్లాడు. నాకు గూడ చెవులు అంతంతే."